సంతకం లేని డ్రైవరు

ఎమ్మిగనూరు, మంత్రాలయం రోడ్డు.
నేతగాళ్ల సొసైటీకి కొత్త కంప్యూటరొచ్చిన
మూడో రోజు నన్ను పిలిచినారు.

పాతది పదకొండేండ్లు పనిచేసింది.
మూత విప్పితే లోపల గుప్పెడు దూది,
ఫ్యాను రెక్కలకు చుట్టుకున్న పోగులు.
దాన్ని మూలకు తోసి గుడ్డ కప్పినారు.
కార్డు చదివే డబ్బా మాత్రం పాతదే.
అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది,
వైరు మెడకు నల్ల టేపు.

తగిలిస్తే టుంగుమంది.
అంతే.
తెర మీద 'పేరు తెలియని పరికరం' అని ఒక వరుస,
పక్కన పసుప్పచ్చ త్రిభుజం,
దాంట్లో ఒక ఆశ్చర్యార్థకం.
ఇంతగా ఆశ్చర్యపోయేది ఏముందో నాకర్థం కాలేదు.
మొన్నటి దాకా ఈ డబ్బానే
నాలుగొందల మగ్గాల పేర్లు తప్పులేకుండా అప్పజెప్పింది.

"ఏమైందిబ్బా హుసేనప్పా?"
సెక్రెటరీ ఈరభద్రప్ప.
"డ్రైవరు లేదన్నా."
కార్డులు చేతబట్టుకుని బెంచీ మీద పదిమంది.
అందులో ఎవరో అన్నారు:
"ఆదోని బస్సుదీ అదే కత.
బండుంటాది, డ్రైవరుండడు."
అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా.
చెమట ముక్కు కొసకొచ్చి నిలబడింది.

సీడీ బీరువాలో దొరికింది,
నూలు రసీదుల కట్ట కింద, ఒళ్లంతా గీతలతో.
కొత్తదానికి సీడీ మింగే నోరే లేదు.
మూలనున్నదాని మీద గుడ్డ తీసి,
బతిమాలి లేపి,
దాని నోట్లో పెట్టి, పెన్‌డ్రైవులోకి దించుకుని
ఇటు తెచ్చేసరికి పన్నెండు.
మధ్యలో కరెంటు ఒకసారి పోయొచ్చింది.
ఎవరో నాకు మజ్జిగ తెచ్చినారు. పుల్లగుంది.

ఇన్‌స్టాల్ నొక్కినా.
పచ్చగీత సగం దాకా పాకి ఆగింది.
ఈ డ్రైవరుకు సంతకం లేదు,
నేను నమ్మను, అంది యంత్రం.
డబ్బా చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.
ఇప్పుడెవరొచ్చి పెడతారు సంతకం?

"ఏమంటాంది నాయనా అది?"
ఉరుకుందమ్మ.
అచ్చు అతికే ఆమె.
పాత పడుగు కొసను, కొత్త పడుగు కొసను
బూడిదద్దిన వేళ్ల నడుమ మెలేస్తాది,
ఒక్కో చీరెపడుక్కి నాలుగువేల సార్లు.
ఆ వేళ్లకు గీతల్లేవు.
బ్యాంకులో ఎన్నిసార్లు అదిమినా అద్దం ఏమీ చూడలేదంట,
బూడిద తినేసింది.
అందుకే ఆమెకు ఈ కార్డు.

"సంతకం లేదంటవ్వా. లోపలికి రానీదంట."
"అట్లనా," అని
బొటనవేలు తిప్పి చూసుకుంది.
"నాకెప్పుడుండె?"

సంతకం అడగొద్దని యంత్రానికి చెప్పే దారి
ఒకటి ఉంది.
ఆపి, లేపి, నీలం తెరలోకి దిగాల.
అక్కడ తొమ్మిది వరుసలుంటాయి, ఏడోది మనది.
ప్రమాదమని కూడా రాసుంటాది.
ఈరభద్రప్ప నా మొగం చూసినాడు.
ఏడు నొక్కినా.

డబ్బా మీద చిన్న దీపం
ముందు ఎర్రగా, కొంచేపు తడబడి,
పచ్చగా నిలబడింది.

మొదటి కార్డు ఆమెదే.
చిప్పు బంగారం సగం చెరిగింది.
పెట్టినా, పలకలేదు.
కొంగుతో తుడిచిచ్చింది, పలకలేదు.
మూడోసారి తెర నిండా ఆమె:
నల్లటి జుట్టు, భయపడిన కండ్లు,
'ద' బదులు 'డ' పడిన పేరు,
భర్త కాలమ్‌లో ఇప్పటికీ భర్త,
గుంత మగ్గం, ఒకటి.

"ఉండానా?"
"ఉండావవ్వా."

ఆపి లేపిన ప్రతిసారీ ఏడు నొక్కాల,
అని అట్టముక్క మీద రాసి తెర పక్కన అంటించినా.
ఈరభద్రప్ప మూడొందలిచ్చి బిల్లడిగినాడు.
బెంచీ మీద వాళ్లు ఒక్కొక్కరే జరుగుతాండారు.

పోతా పోతా ఉరుకుందమ్మ
వైరు మెడ దగ్గరి నల్ల టేపును
రెండు వేళ్లతో తడిమి చూసింది.
"ఈ అతుకు ఎవరేసిరి?
మెలి ఎదురు తిరిగింది."

నేనేనని చెప్పలేదు.